లోగోథెరపీ

లోగోథెరపీ ఆస్ట్రియాకు చెందిన మానసిక వైద్యుడు విక్టర్ ఫ్రాంకెల్ (1905 - 1997) రూపొందించిన మానసిక చికిత్సా విధానం. గ్రీకు భాషలోని "లోగోస్" అనే పదాన్ని ఆయన "అర్థం" అన్న భావంలో స్వీకరించాడు. సుఖం, అధికారం కంటే తన జీవితానికొక అర్థం ఉండాలన్న ఆకాంక్షే మనిషిని నడిపించే ముఖ్యశక్తి అని ఈ విధానం చెబుతుంది. ఫ్రాయిడ్, ఆడ్లర్‌ల పద్ధతుల తరువాత దీనిని వియన్నాలో పుట్టిన మూడవ మానసిక చికిత్సా సంప్రదాయంగా పేర్కొంటారు.

నేపథ్యం

ఫ్రాంకెల్ వియన్నాలో ఒక యూదు కుటుంబంలో జన్మించాడు. ఈ విధానపు మూలసూత్రాలను రెండవ ప్రపంచయుద్ధానికి ముందే ఆలోచించాడు. 1942లో నాజీలు ఆయనను, ఆయన భార్యను, తల్లిదండ్రులను నిర్బంధించారు. 1944లో ఆష్విట్జ్ శిబిరానికి చేరినపుడు, ఆయన తన వెంట దాచుకున్న గ్రంథపు వ్రాతప్రతి పోయింది. తరువాతి శిబిరంలో జ్వరంతో ఉన్నపుడు కాగితపు ముక్కలపై దానిని తిరిగి వ్రాసుకోసాగాడు. ఆ గ్రంథాన్ని పూర్తిచేయాలన్న తపన తనను బ్రతికించిందని తరువాత తెలిపాడు. 1945లో ఆయన విడుదలయ్యాడు. భార్య, తల్లిదండ్రులు, సోదరుడు నాజీ శిబిరాలలో మరణించారు. శిబిర జీవితంపై ఆయన రచన 1946లో జర్మన్ భాషలో వెలువడింది.

ప్రధాన భావనలు

జీవితానికి అర్థమేమిటని మనిషి అడగడం కాదు, జీవితమే మనిషిని ప్రశ్నిస్తుందని, తన బాధ్యతను నిర్వర్తించడమే దానికి సమాధానమని ఫ్రాంకెల్ భావన. ఈ అర్థం అందరికీ ఒకటి కాదు. ఒకే వ్యక్తికి కూడా కాలాన్నిబట్టి మారుతుంది. దానిని కనుగొనడానికి ఆయన మూడు మార్గాలు చెప్పాడు.

1. ఒక పనిని చేయడం లేదా ఒక కృతిని సృష్టించడం
2. ఒక అనుభవాన్ని పొందడం లేదా ఒకరిని ప్రేమించడం
3. తప్పించుకోలేని బాధ ఎదురైనపుడు దానిపట్ల తగిన వైఖరిని ఎంచుకోవడం

బాధను తొలగించే వీలుంటే తొలగించుకోవాలేగాని, అనవసరంగా భరించడంలో గొప్పతనం లేదని కూడా ఆయన స్పష్టం చేశాడు. అర్థం కొరవడిన స్థితిని "అస్తిత్వ శూన్యత" అన్నాడు. వారమంతా పనిలో మునిగి ఉన్నవారికి ఆదివారం తీరిక దొరకగానే కలిగే దిగులు దీనికి ఒక ఉదాహరణ.

ఒక ఉదంతం

ఉద్యోగంపై అసంతృప్తితో ఉన్న ఒక అమెరికా దౌత్యాధికారి ఫ్రాంకెల్‌ను సంప్రదించాడు. తండ్రిపై ద్వేషమే దీనికి మూలమని అంతకుముందు అతనికి ఏళ్ళ తరబడి చికిత్స జరిగింది. ఆ వృత్తి అతని మనసుకు సరిపడకపోవడమే కారణమని ఫ్రాంకెల్ గుర్తించాడు. వృత్తి మార్చుకున్న తరువాత అతడు తృప్తిగా జీవించాడు. దిశ కోసం వెదకడం రోగం కాదని, అది మనిషికి సహజమని ఫ్రాంకెల్ వాదించాడు.

విమర్శ

అమెరికా మనస్తత్వవేత్త రోలో మే, ఈ విధానంలో వైద్యుడు రోగికి బదులుగా తానే నిర్ణయాలు చేసే ప్రమాదముందని విమర్శించాడు. వైద్యుడు ఎవరికీ అర్థాన్ని ఇవ్వలేడన్నది ఫ్రాంకెల్ అభిప్రాయం. చిత్రకారుడు తనకు కనబడిన లోకాన్ని చూపిస్తాడు. కంటివైద్యుడు ఎదుటివారు తమ కళ్ళతో తామే చూడగలిగేలా చేస్తాడు. లోగోథెరపీ వైద్యుని పని రెండవదని ఆయన పోల్చి చెప్పాడు.