రెండంగుళాల గోడ, మైనస్ 30 చలి

మన వంటింట్లో 14.2 కిలోల గ్యాస్ సిలిండర్ పెడితే చిన్న కుటుంబానికి నెల, పొదుపుగా వాడితే నెలన్నర వస్తుంది. అమెరికాలో ఆర్వీలకు బిగించే ఒక రకం ప్రొపేన్ సిలిండర్‌లోనూ ఇంచుమించు అంతే, 13.6 కిలోల గ్యాస్ పడుతుంది. గంటకు 30,000 బీటీయూల (బీటీయూ వేడిని కొలిచే ప్రమాణం) ఫర్నేస్‌ను ఆపకుండా మండిస్తే ఆ సిలిండర్ 21 గంటల్లో ఖాళీ. ఎముకలు కొరికే చలిలో ఫర్నేస్ సగం సేపు మండి సగం సేపు ఆగినా, రెండు రోజులు నిండకుండానే సిలిండర్ మార్చాల్సి వస్తుంది. ఇంత గ్యాస్ తగలేసినా లోపల పడుకున్న మనిషి తెల్లవారుజామున వణుకుతూ లేస్తున్నాడంటే లోపం మంటలో లేదు, పుట్టిన వేడి నిలవకపోవడంలో ఉంది. చలికాలం ఆర్వీలో గడపాల్సి వచ్చినవాళ్లకు మొదట తట్టే ఆలోచన ఇంకో హీటర్ కొనడం. కానీ ఆ డబ్బు ముందు ఖర్చు పెట్టాల్సింది బండి అడుగున, కిటికీల దగ్గర, తలుపు సందుల్లో.

ఆర్వీ అంటే పడక, వంటిల్లు, స్నానాలగది అన్నీ అమర్చిన చక్రాల ఇల్లు. కొన్ని సొంత ఇంజనుతో నడుస్తాయి, కొన్నింటిని ట్రక్కు వెనక తగిలించి లాక్కెళ్తారు. అమెరికాలో వీటి తయారీకి ఇండియానా రాష్ట్రంలోని ఎల్కార్ట్ ప్రాంతం పెట్టింది పేరు. ఇవి పుట్టింది విహారయాత్రల కోసం. మన పిల్లలూ అక్కడ వేసవి సెలవుల్లో వీటిని అద్దెకు తీసుకుని అడవులూ కొండలూ చూసొస్తుంటారు. అయితే నడిచలికాలంలో ఆర్వీలో ఉండేవాళ్లందరూ విహారానికి వచ్చినవాళ్లు కారు. ఉత్తర డకోటాలోని విలిస్టన్ ఊరిని చూడండి. అక్కడి బాకెన్ రాతిపొరల నుంచి చమురు తీయడం 2008 తర్వాత జోరందుకుంది. 2010 జనాభా లెక్కల్లో 14,716 మంది ఉన్న ఊరు 2020కల్లా 29,160కి పెరిగింది. పని దొరికింది కానీ ఇల్లు దొరకలేదు, దొరికినా అద్దె అందలేదు. అలా చాలామంది కార్మికులకు ఆర్వీయే ఇల్లయింది. జనవరిలో ఆ మైదానాల మీద ఉష్ణోగ్రత మైనస్ 30 సెల్సియస్‌కు జారే రాత్రులుంటాయి, పైగా అడ్డూ ఆపూ లేని గాలి. సెలవులకని కట్టిన బండిలో మనిషి చలికాలమంతా కాపురం చేయాల్సి వచ్చినప్పుడు దాన్ని ఇల్లుగానే చూడాలి, ఇంటికి చేసే పనులన్నీ దానికీ చేయాలి.

వేడి ఎందుకు నిలవదో చెప్పడానికి పెద్ద శాస్త్రం అక్కర్లేదు. లోపలికీ బయటికీ తేడా ఎంత ఎక్కువైతే వేడి అంత వేగంగా పోతుంది. లోపల 20 డిగ్రీలు, బయట సున్నా అయితే తేడా 20. బయట మైనస్ 30 అయితే తేడా 50, అంటే అదే గోడలోంచి పోయే వేడి రెండున్నర రెట్లు. ఇక ఆ గోడ చూస్తే చాలా ఆర్వీల్లో ఒకటిన్నర, రెండంగుళాల మందమే. లోపల అల్యూమినియం చట్రం ఉంటే ఇన్సులేషన్ మధ్య నుంచి ఆ లోహమే వేడిని బయటికి మోసుకుపోతుంది. గట్టి చలి రాత్రి లోపలి గోడ మీది స్క్రూల తలలపై తెల్లటి మంచు పూసలు కట్టడానికి కారణం ఇదే. ఆ పూసల వరుసను చూస్తూ పోతే గోడలో చట్రం ఎక్కడుందో గీసి చూపించవచ్చు. ఒంటి అద్దం కిటికీ ఇంకా బలహీనం. అది ఆపగలిగే వేడి గోడ ఆపేదానిలో చిన్న వంతు. కిటికీకి లోపలివైపు పారదర్శక ప్లాస్టిక్ పొర బిగించి అద్దానికీ పొరకూ మధ్య కొంత గాలిని బంధిస్తే, పోయే వేడి సగానికి సగం తగ్గుతుంది. రాత్రిపూట మందపాటి పరదా, పైకప్పు వెంట్‌లో మెత్తటి దిండు, తలుపు చుట్టూ కొత్త రబ్బరు పట్టీ కూడా ఇలాంటివే. ఖర్చు స్వల్పం. పైగా ఒక్కసారి చేస్తే అది గంటగంటకూ గ్యాస్ మిగుల్చుతూనే ఉంటుంది.

అన్నింటికన్నా ముఖ్యమైనది, అందరూ మరిచేది బండి అడుగుభాగం. ఇల్లు నేలను ఆనుకుని ఉంటుంది, ఆర్వీ గాలిలో నిలబడి ఉంటుంది. కింద నుంచి దూసుకుపోయే గాలి నేలపలకలోని వేడిని రాత్రంతా లాగేస్తుంది. మంచినీటి ట్యాంకు, స్నానాల నీళ్ల ట్యాంకు, మరుగుదొడ్డి ట్యాంకు, వాటి గొట్టాలు చాలా బండ్లలో ఆ అడుగునే ఉంటాయి. నీరు గడ్డకడితే దాదాపు 9 శాతం వ్యాకోచిస్తుంది. మూసి ఉన్న గొట్టంలో ఆ కొద్దిపాటే ప్లాస్టిక్‌ను చీల్చడానికి సరిపోతుంది. అందుకే అనుభవమున్నవాళ్లు బండి చుట్టూ నేల దాకా అడ్డుకట్ట కడతారు, దాన్ని స్కర్టింగ్ అంటారు. మందమైన టార్పాలిన్, థర్మోకోల్ లాంటి గట్టి ఫోమ్ పలకలు, ప్లైవుడ్, ఏదైనా పనికొస్తుంది. కొందరు గడ్డి మోపులు పేరుస్తారు గానీ వాటికి నిప్పు భయం, ఎలుకల బెడద ఉన్నాయి. గాలి ఆగిందంటే నేలలో దాగిన కాస్త వెచ్చదనమే కింద నిలిచి ట్యాంకులను కాపాడుతుంది. మంచు పడ్డాక దాన్నే పారతో ఎత్తి స్కర్టింగ్ చుట్టూ గట్టులా పోస్తారు. మంచులో చిక్కుకున్న గాలి వేడిని తేలిగ్గా పోనివ్వదు కాబట్టి ఆ గట్టు బండికి కప్పిన బొంతే. స్నానాల నీళ్ల ట్యాంకు వాల్వు తెరిచి వదిలేయడం ఇంకో పొరపాటు. చుక్కచుక్కగా కారే నీరు గొట్టంలోనే గడ్డకట్టి, పొరమీద పొర పేరుకుని దారి మూసేస్తుంది. వాల్వు మూసి ఉంచి ట్యాంకు నిండాక ఒక్కసారిగా వదిలితే నీరు గడ్డకట్టేలోపే పారిపోతుంది.

ఇదంతా ఎందుకు, కరెంటు కనెక్షన్ ఉన్న చోట రెండు ఎలక్ట్రిక్ హీటర్లు పెట్టుకుంటే చాలదా అని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. కానీ 1,500 వాట్ల హీటర్ ఇచ్చేది గంటకు దాదాపు 5,100 బీటీయూలు, ఫర్నేస్ ఇచ్చేదానిలో ఆరోవంతు. అంతకన్నా పెద్ద చిక్కు వేరే ఉంది. చాలా ఆర్వీల్లో ఫర్నేస్ వేడిగాలి గొట్టాలు అడుగుభాగం గుండా వెళ్తూ ట్యాంకులకూ కాస్త వెచ్చదనం పంచుతాయి. హీటర్ గదిని వెచ్చబరిస్తే థర్మోస్టాట్ తృప్తిపడి ఫర్నేస్‌ను మండనివ్వదు. మనిషి పైన హాయిగా నిద్రపోతుంటాడు, కింద గొట్టాలు గడ్డకడుతుంటాయి. తెల్లారి కుళాయి తిప్పితే చుక్క రాదు. అందుకని హీటర్‌ను తోడుగా పెట్టుకుని ఫర్నేస్‌కు కూడా పని ఇవ్వాలి. పోనీ ఫర్నేస్ ఒక్కటే చాలా అంటే దానికీ పరిమితులున్నాయి. దాని ఫ్యాన్ 12 వోల్టుల బ్యాటరీ మీద తిరుగుతుంది. చలిలో లెడ్ బ్యాటరీ సామర్థ్యం పడిపోతుంది, సిలిండర్ నిండా గ్యాస్ ఉన్నా ఫ్యాన్ ఆగితే మంట ఆగుతుంది. లిథియం బ్యాటరీలను సున్నా కన్నా తక్కువ చలిలో ఛార్జ్ చేస్తే పాడవుతాయి కాబట్టి వాటిని లోపలే పెట్టుకోవాలి. గ్యాస్‌కూ ఒక హద్దుంది. మన ఎల్పీజీలో కలిసే బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గరే ఆవిరవడం మానేస్తుంది. ప్రొపేన్ మైనస్ 42 దాకా ఆవిరవుతుంది గానీ, ఆ హద్దుకు చేరువయ్యేకొద్దీ సిలిండర్‌లో పీడనం తగ్గుతుంది. అంటే చలి ముదిరి వేడి ఎక్కువ కావాల్సిన రాత్రే వేడి పుట్టించే సాధనాలన్నీ నీరసిస్తాయి. ఫోమ్ పలకకు, పరదాకు, రబ్బరు పట్టీకి ఆ నీరసం లేదు.

అయితే బండిని డబ్బాలా బిగించేస్తే సరిపోతుందా అన్నది రెండో అభ్యంతరం. సరిపోదు, అది ప్రమాదం కూడా. లోపల మనుషులు ఊపిరి వదులుతారు, వంట చేస్తారు, తడిబట్టలు ఆరేస్తారు. ఆ తేమంతా చల్లటి గోడనో అద్దాన్నో తాకి నీరవుతుంది. పరుపు కింద చేరితే బూజు పడుతుంది, గోడలోకి దిగితే చెక్క కుళ్లుతుంది. పొగ బయటికి పంపని చిన్న గ్యాస్ హీటర్లు దీన్ని ఇంకా పెంచుతాయి. ఒక కిలో ప్రొపేన్ మండితే 1.6 కిలోల నీటి ఆవిరి పుడుతుంది. గంటకు 9,000 బీటీయూల హీటర్ ఎనిమిది గంటలు మండితే దాదాపు రెండున్నర లీటర్ల నీరు గదిలో చేరినట్టు. బండిలో బిగించి వచ్చే ఫర్నేస్ మండడానికి గాలిని బయటి నుంచే తీసుకుని పొగను బయటికే వదులుతుంది, అందుకే అది మేలు. పొగ లోపలే ఉండిపోతే వచ్చే ముప్పు ఇంకా పెద్దది. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. ఆదిలాబాద్ పల్లెల్లోనో లంబసింగిలోనో తలుపులు మూసుకుని బొగ్గుల కుంపటి పక్కన పడుకోవద్దని చెప్పేది దీనికే. 2021 ఫిబ్రవరిలో మంచు తుపానుకు టెక్సాస్‌లో కరెంటు పోయినప్పుడు ఇళ్లలో జనరేటర్లు, బొగ్గు పొయ్యిలు వాడి ఈ వాయువు బారిన పడి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లున్నారు. ఆర్వీలో గాలి పరిమాణం ఇంటికన్నా ఎంతో తక్కువ కాబట్టి ముప్పు ఇంకా త్వరగా వస్తుంది. వేడి కోసం వంటపొయ్యి వెలిగించకూడదు. కార్బన్ మోనాక్సైడ్ డిటెక్టర్ పనిచేస్తోందా, దాని గడువు తీరిందా అని చూసుకోవాలి. ఫర్నేస్ పొగగొట్టానికి మంచు అడ్డుపడకుండా తీస్తుండాలి. వంట చేసేటప్పుడు పైకప్పు వెంట్ కాస్త తెరవాలి. అలా మనం తెరిచిన దారిన పోయే వేడి కొద్దిపాటిదే, దానితో పాటు తేమ కూడా పోతుంది. మనకు తెలియని పగుళ్ల నుంచి పోయేదే నష్టం.

తయారీదారులే ‘నాలుగు కాలాల బండి’ అని అమ్ముతున్నారు కదా అనే మాటా వినిపిస్తుంది. కొన్ని బండ్లకు నిజంగానే మందమైన గోడలు, రెండు పొరల అద్దాలు, అడుగున మూత, ట్యాంకులకు హీటర్లు ఉంటాయి, అవి మేలే. కానీ ఆ మాటకు ఇంత చలి దాకా అని చట్టం పెట్టిన కొలత లేదు. ఫ్యాక్టరీలో తయారై వచ్చే మొబైల్ హోమ్‌లకు అమెరికా గృహనిర్మాణ శాఖ నియమావళి 1976 నుంచి అమలులో ఉంది, చలి మండలాన్ని బట్టి ఇల్లు ఎంత వేడిని ఆపాలో అది నిర్దేశిస్తుంది. ఆర్వీలు విహార వాహనాలు కాబట్టి ఆ నియమావళి వాటికి వర్తించదు. కొనేవాళ్లు పేరును కాక వివరాలను అడగాలి: అడుగున ఏముంది, గొట్టాలు ఎటు వెళ్తున్నాయి, అద్దం ఎన్ని పొరలు?

చివరి అభ్యంతరం అన్నింటికన్నా సూటిది. చక్రాలున్న ఇల్లు కదా, చలి రాగానే దక్షిణానికి పోవచ్చుగా అంటారు. పోగలిగినవాళ్లు పోతున్నారు. అరిజోనా ఎడారిలోని క్వార్ట్‌సైట్ ఊరి చుట్టూ ప్రతి చలికాలం ఆర్వీలు వేలల్లో చేరతాయి. వీలున్నవాళ్లకు అంతకన్నా మంచి ఉపాయం లేదు. కానీ చమురు బావి దగ్గర షిఫ్టు ఉన్న మనిషి, పిల్లల్ని అక్కడి బడిలో వేసిన తల్లి జనవరిలో కదల్లేరు. చేతిలో మిగిలే డబ్బు తక్కువ కాబట్టే వాళ్లు ఆర్వీలో ఉంటున్నారు, రెండు రోజులకో సిలిండర్ కొనే భారం పడేదీ వాళ్లమీదే. అందుకే ఈ పనుల వరుస వాళ్లకు ముఖ్యం. నేల గట్టిపడకముందే, అక్టోబరులోనే స్కర్టింగ్ కట్టుకోవాలి. తర్వాత కిటికీలు, వెంట్లు, తలుపు సందులు. ఆ తర్వాత నీళ్ల గొట్టాలకు కరెంటుతో వెచ్చబడే హీట్ టేప్, వాల్వుల సంగతి. డిటెక్టర్ పరీక్షించి, లిథియం బ్యాటరీ అయితే లోపలికి మార్చాక అప్పుడు చూడాలి హీటర్ చాలుతుందో లేదో. పనులు ఈ వరుసలో చేసినవాళ్లకు చాలాసార్లు ఉన్న ఫర్నేసే సరిపోతుంది. నడిరాత్రి మైనస్ 30లో బయటికెళ్లి సిలిండర్ మార్చే అవసరం తగ్గడమే దానికి రుజువు.