హెచ్‌ఐవీ ఉన్నవారికి న్యుమోనియా వస్తే స్టెరాయిడ్ ఎందుకిస్తారు? ఊపిరితిత్తుల్లో జరిగేది ఇదే..

హెచ్‌ఐవీ ఉన్నవారికి పొడి దగ్గు, జ్వరం, నాలుగు మెట్లెక్కితే ఆయాసం ఉంటే మామూలు జలుబే కదా అని వదిలేయొద్దు. అది పీసీపీ అనే న్యుమోనియా కావచ్చు. న్యుమోసిస్టిస్ అనే ఫంగస్ వల్ల వస్తుంది. సీడీ4 కౌంట్ 200 కంటే తగ్గినవారికి రిస్క్ ఎక్కువ. 1981లో లాస్ ఏంజెలెస్‌లో ఐదుగురు యువకుల్లో ఈ న్యుమోనియా కనిపించాకే ఎయిడ్స్ సంగతి బయటపడింది.

ఊపిరితిత్తులు ఎందుకు దెబ్బతింటాయి?

తప్పంతా ఫంగస్‌దే కాదు. దాన్ని తరిమేందుకు శరీరం చేసే పోరాటంలో ఊపిరితిత్తుల్లో వాపు వస్తుంది. ఇదే ఇన్‌ఫ్లమేషన్. గాలి గదుల్లో ద్రవం చేరి, రక్తంలోకి ఆక్సిజన్ వెళ్లడం కష్టమవుతుంది. మందు మొదలుపెట్టిన తొలి రోజుల్లో, ఫంగస్ చనిపోతున్నప్పుడు ఈ వాపు ఇంకా పెరగొచ్చు.

మరి స్టెరాయిడ్ ఎందుకు?

అసలే ఇమ్యూనిటీ తక్కువ, మళ్లీ స్టెరాయిడా అనే డౌట్ రావడం సహజం. కానీ రక్తంలో ఆక్సిజన్ పీడనం 70 కంటే తగ్గితే, కోట్రైమోక్సజోల్‌తో పాటు 72 గంటల్లోపే స్టెరాయిడ్ ఇస్తారు. వాపు అదుపులోకి వచ్చి ప్రాణాపాయం తగ్గుతుంది. ఈ 70 అనేది వేలికి పెట్టే ఆక్సీమీటర్ అంకె కాదు, రక్తపరీక్షలో తేలేది. అందుకే సొంతంగా స్టెరాయిడ్ వాడితే ప్రమాదం. టీబీ లాంటివి ముదిరిపోవచ్చు.

తగ్గాక ఏం చేయాలి?

కొందరిలో ఊపిరితిత్తుల సామర్థ్యం పూర్తిగా కోలుకోదు. సిగరెట్ మానేయాలి. డాక్టర్ చెప్పేదాకా కోట్రైమోక్సజోల్ ఆపకూడదు. ప్రభుత్వ ఏఆర్‌టీ సెంటర్లలో మందులు ఉచితం. వివరాలకు టోల్‌ఫ్రీ నంబర్ 1097.