చూపును కొలిచే గది



"నా చూపుకేమండీ, బాగానే ఉంది" అంటూ ఉంటాం. పోపు మాడకుండా వేస్తున్నాం, పిల్లల జడలు వేస్తున్నాం, ఇంకేం కావాలని మన ధీమా. కాని పోపులపెట్టెలో ఆవాలెక్కడున్నాయో, పెరట్లోకి మెట్లెన్నో మనకు కంఠోపాఠం. సొంత ఇంట్లో కంటి పని సగం అలవాటే చేసేస్తుంది. అందుకే చూపు తగ్గినా చాలాకాలం తెలియదు.

మరి మనిషికి నిజంగా ఎంత కనిపిస్తోందో పరిశోధకులు ఎలా కనుక్కుంటారు? అలవాటు సాయం రాని గది ఒకటి ఏర్పాటు చేస్తారు. అక్కడ వెలుతురు అందరికీ ఒకేలా ఉంటుంది. అక్షరాల పటం కొలిచిన దూరంలో ఉంటుంది. ఒక్కొక్క కన్నే మూసి చదివిస్తారు. రెండూ తెరిస్తే మంచి కన్ను రెండోదాని లోపాన్ని కప్పేస్తుంది మరి! చదువు రానివారికి ఇంగ్లీషు 'ఈ' అక్షరాన్ని నాలుగువైపులా తిప్పి చూపిస్తారు. దాని కాళ్ళు ఎటున్నాయో చేత్తో చూపిస్తే చాలు.

పక్కచూపును కొలిచే యంత్రం మరీ తమాషా. గడ్డం ఆనించి, నడిమి చుక్కనే చూస్తూ, పక్కన వెలుగు మెరిసినప్పుడల్లా మీట నొక్కాలి. మధ్యమధ్య యంత్రం చప్పుడు చేస్తుంది గాని వెలుగు చూపించదు. అప్పుడూ నొక్కితే ఊహించి నొక్కుతున్నామని తెలిసిపోతుంది!

ఏలూరు దగ్గరి సోమవరప్పాడులో పుట్టిన సినీ దర్శకుడు ఎల్.వి. ప్రసాద్ గారి పేరున హైదరాబాదులో 1987లో నేత్ర వైద్య సంస్థ వెలిసింది. ఆ సంస్థ వారు 1996 నుంచి 2000 వరకు హైదరాబాదులోనూ, మన తణుకు ఉన్న పశ్చిమగోదావరితో పాటు ఆదిలాబాదు, మహబూబ్‌నగర్ జిల్లాల పల్లెల్లోనూ 10,293 మంది కళ్ళు పరీక్షించారు. తేలిందేమిటంటే, గుడ్డితనంలో నూటికి 60 వంతులు శుక్లాలవల్లా, తగిన కళ్ళజోడు లేకపోవడంవల్లా వచ్చిందేనట. అంటే చాలావరకు సరిచేయదగ్గదే! అది పేదల్లోనూ, ఆడవాళ్ళలోనూ ఎక్కువగా కనిపించింది.

ఆలోచించండి. అబ్బాయికి బోర్డు కనబడలేదంటే ఆ వారమే డాక్టరు దగ్గరికి పరుగెడతాం. మన వంతు వచ్చేసరికి "వయసు మీద పడిందిలే" అని సరిపెట్టుకుంటాం.

ఇవాళ గోడమీది క్యాలెండరు ముందు నిలబడి, ఒక్కొక్క కన్నూ అరచేత్తో మూసి చూడండి. రెండు కళ్ళకూ తేడా ఉంటే ఆలస్యం చెయ్యకండి. తేడా లేకపోయినా, నలభై దాటినవారు కంటి డాక్టరుకు చూపించుకోవాలి. నీటికాసుల జబ్బు నొప్పి లేకుండానే పక్కచూపును తినేస్తుంది, అది క్యాలెండరుతో తెలిసేది కాదు. వెళ్ళేటప్పుడు అత్తగారినీ, అమ్మగారినీ కూడా వెంటబెట్టుకు వెళ్ళండి.