నీటిలో ఉన్నదల్లా చేప కాదు

ఒడిశాలోని చిలికా సరస్సులో పడవెక్కినవారు ఇరావతి డాల్ఫిన్ కనబడగానే ‘పెద్ద చేప!’ అంటారు. స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ కూడా 1735లో డాల్ఫిన్లను, తిమింగలాలను చేపల పద్దులోనే వేశాడు. 1758లో తప్పు దిద్దుకుని క్షీరదాల పద్దుకు మార్చాడు.

తేడాలివి: చేప మొప్పలతో నీటిలోని ప్రాణవాయువును తీసుకుంటుంది, తోకను పక్కలకు ఆడిస్తుంది. డాల్ఫిన్‌కు ఊపిరితిత్తులున్నాయి, తోకను పైకీ కిందికీ ఆడిస్తుంది, పిల్లను కని పాలిస్తుంది.

ఈ తేడా పిల్లల పరీక్షలకే పరిమితం కాదు. వలలో చిక్కిన డాల్ఫిన్ నీటిలోనే ఉన్నా, గాలి కోసం పైకి రాలేక ఊపిరాడక చనిపోతుంది. ఈసారి చిలికా వెళ్తే, అది మాటిమాటికీ పైకి ఎందుకు వస్తుందో మీ పిల్లలకు చెప్పండి.