కొండకూ కడలికీ నడుమ సోంపేట బీల

సోంపేట: శ్రీకాకుళం జిల్లా ఉత్తరపు కొసన కొండలూ, కడలీ బాగా దగ్గరపడతాయి. పడమట ఒడిశా గడ్డపై 1,501 మీటర్ల మహేంద్రగిరి. ఆగ్నేయాన బంగాళాఖాతం. ఆ కొండల్లో పుట్టిన మహేంద్రతనయ నది బారువ వద్ద సముద్రంలో కలుస్తుంది. హౌరా-చెన్నై రైలు మార్గం, 16వ నంబరు జాతీయ రహదారి ఈ నడిమి నేల మీదుగానే సాగిపోతాయి.

రైల్లో వెళ్లేవారికి కొబ్బరి, జీడి తోటలే కంటబడతాయి. ఈ ప్రాంతపు అసలు విశేషం తెలియాలంటే రోడ్డు దిగి తీరం వైపు నడవాలి. పొలాలు దాటగానే కనుచూపు మేర నీరు, బురద, తుంగ. ఈ చిత్తడినే ఇక్కడివారు 'బీల' అంటారు. బీలకు ఆవల ఇసుక దిబ్బలు, వాటి మీద మత్స్యకారుల పల్లెలు, ఆపైన సముద్రం.

బీల ఎవరూ తవ్వని చెరువు. కొండల మీద కురిసిన వాన వాగులై దిగివస్తుంది. తీరంలోని ఇసుక మెరక అడ్డుపడటంతో పల్లంలో నిలుస్తుంది. ఆ నీటిని ఎత్తిపోతల ద్వారా మళ్లించుకుని రైతులు వరి పండిస్తారు. బీలలోని చేపలు ఎందరికో జీవనాధారం. గట్ల వెంట పశువులకు మేత దొరుకుతుంది. బురదలో ఎర కోసం పక్షులు గుంపులుగా వాలతాయి.

ఇంతమందికి అన్నం పెట్టే ఈ నేల కాగితాల మీద మాత్రం పనికిరాని భూమి అయింది. 2,640 మెగావాట్ల థర్మల్ విద్యుత్ కేంద్రానికి దీన్ని ఎంపిక చేశారు. రైతులు, మత్స్యకారులు ఏకమై అడ్డుకున్నారు. 2010 జూలై 14న జరిగిన పోలీసు కాల్పుల్లో ఇద్దరు నేలకొరిగారు. అదే రోజున ఢిల్లీలో జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ కేంద్రానికి ఇచ్చిన పర్యావరణ అనుమతిని రద్దు చేసింది. విద్యుత్ కేంద్రం రాలేదు. బీల మిగిలింది.

మిగిలిన బీలను కాపాడుకోవడం ఇకముందు పని. చిత్తడిని పూడ్చినంత మాత్రాన కొండనీరు రావడం మానదు. నిలిచే చోటు లేక ఊళ్ల మీద, పొలాల మీద పడుతుంది. వాన వెలిశాక బావుల్లో ఊట తగ్గుతుంది. ఆక్రమణలు లేకుండా చూడటం, వాగుల దారులు మూసుకుపోకుండా పూడిక తీయడం అటు అధికారులకూ ఇటు గ్రామాలకూ తప్పని బాధ్యత.

బీలను చూడదలచినవారు వానలు తగ్గాక వస్తే మంచిది. బురద లోతు పైకి తెలియదు. దారి ఎరిగిన ఊరివారిని వెంటబెట్టుకుని గట్టు మీదుగానే నడవాలి.