పెళ్లి మంత్రం తెలుగులో చెప్పినాయన

తెనాలి, బాపట్ల, రేపల్లె... ఏ ఊళ్లో పెళ్లికెళ్లినా చాలామటుకు ఒకటే తీరు. పీటల మీద జంట పురోహితుడు చెప్పినట్టల్లా మంత్రాలు వల్లిస్తుంది. దేనికి మాట ఇస్తున్నారో వాళ్లకే తెలీదు. అలా కుదరదన్నారు కవిరాజు త్రిపురనేని రామస్వామి చౌదరి. అందరికీ అర్థమయ్యే తెలుగులో 'వివాహ విధి' రాసి, తానే పురోహితుడై ఎన్నో పెళ్లిళ్లు జరిపించారు.

1887లో కృష్ణా జిల్లా అంగలూరులో రైతు కుటుంబంలో పుట్టిన ఆయన, 1914లో న్యాయశాస్త్రం చదవడానికి డబ్లిన్ వెళ్లారు. తిరిగొచ్చిన కొన్నేళ్లకు తెనాలిలో స్థిరపడ్డారు. ఇంటి పేరు 'సూతాశ్రమం'. పురాణాలను చదవకుండా విమర్శించలేదాయన. ఔపోసన పట్టాకే ప్రశ్నించారు. తపస్సు చేసినందుకు శూద్రుణ్ని చంపడమేమిటని 'శంబుక వధ' నాటకంలో నిలదీశారు. 'సూతపురాణం'లో పద్యాన్నే ఆయుధం చేసుకున్నారు. పండితులకు పండితుల బాణీలోనే జవాబన్నమాట!

కాగితం మీద రాయడం ఒకెత్తు, కుర్చీలో కూర్చుని చేసి చూపడం మరొకెత్తు. 1925లో తెనాలి మున్సిపల్ ఛైర్మన్‌ అయిన రామస్వామి, గంగానమ్మకు జంతుబలులు ఇవ్వడాన్ని నిషేధించారు. ఫలితం... అవిశ్వాస తీర్మానం. పదవి పోయింది. అయినా వెనక్కి తగ్గలేదు. తరవాతి ఎన్నికల్లో మళ్లీ ఆయనే గెలిచారు.

1943లో కవిరాజు కన్నుమూశారు. శతజయంతి సంవత్సరమైన 1987లో తపాలా శాఖ ఆయన బొమ్మతో స్టాంపు విడుదల చేసింది. 'అసమర్థుని జీవయాత్ర' రాసిన గోపీచంద్ ఆయన కొడుకే. తండ్రి పురాణాలను ప్రశ్నిస్తే, కొడుకు మనిషి మనసునే ప్రశ్నించారు.