కొలువు పోయినా ఆగని మీట

బల్లకు బిగించిన చిన్న పలక. దాని మీద రెండు మొనల మధ్య పైకీ కిందికీ ఊగే ఇత్తడి కడ్డీ. ముందువైపు నల్లటి గుండీ, దాని వెనక ఒక స్ప్రింగు, ఎదురెదురుగా రెండు లోహపు బిళ్లలు. గుండీ నొక్కితే బిళ్లలు కలిసి కరెంటు పారుతుంది, వదిలితే ఆగుతుంది. మోర్స్ కీ అంటే ఇంతే.

1844లో పుట్టిన ఈ పరికరానికి దొరికిన ఉద్యోగాలన్నీ ఒక్కొక్కటిగా పోయాయి. తంతి కార్యాలయాల్లో టెలిప్రింటర్లొచ్చాయి. ఓడలు ఉపగ్రహాలకు మారాయి. చివరికి ఔత్సాహికులు నడిపే హామ్ రేడియో లైసెన్సు పరీక్షల్లోంచి కూడా చాలా దేశాలు దీన్ని తీసేశాయి. అయినా ఈ రాత్రి 7 మెగాహెర్ట్జ్ హామ్ బ్యాండులో కింది అంచు దగ్గర రేడియో తిప్పి చూస్తే, ఎవరో ఒకరు ఎక్కడో ఒకచోట కీ కొడుతూనే ఉంటారు. దానికి కారణం చెప్పాలంటే పుట్టుక దగ్గర్నుంచి చెప్పుకురావాలి.

1844 మే 24న శామ్యూల్ మోర్స్ వాషింగ్టన్‌లో కూర్చుని, 60 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న బాల్టిమోర్‌కు తీగ మీదుగా సందేశం పంపాడు. అవతల అందుకున్నది ఆల్‌ఫ్రెడ్ వెయిల్. పేరు మోర్స్‌కు దక్కింది గానీ, చేతికి తగిలే మీటను తయారు చేసినవాడు వెయిల్. న్యూజెర్సీలో వాళ్ల కుటుంబానికి ఇనుప కర్మాగారం ఉండేది కాబట్టి లోహంతో పని అతనికి కొత్త కాదు. అతని తొలి కీ ఒక ఉక్కు బద్ద. నొక్కితే వంగి కింది బిళ్లను తాకేది, వదిలితే తనంతట తానే పైకి లేచేది.

మోర్స్ ఉద్దేశం ప్రకారం అవతలి యంత్రం కాగితపు పట్టీ మీద చుక్కలూ గీతలూ ముద్ర వేయాలి, మనిషి తీరిగ్గా చూసి చదువుకోవాలి. ఆపరేటర్లు మాత్రం యంత్రం చేసే టకటకలు వింటూ వింటూ, కాగితం చూడకుండానే అక్షరాలు పట్టేయడం మొదలుపెట్టారు. పై అధికారులు మొదట్లో ఒప్పుకోలేదు. చెవి చేసే పని కాగితం కన్నా వేగంగా, తక్కువ తప్పులతో సాగుతోందని అర్థమయ్యాక పట్టీని పక్కనపెట్టి, చప్పుడు మాత్రమే చేసే సౌండర్‌ను పెట్టారు. కీ చరిత్రలో అసలు మలుపు ఇదేనని నా అభిప్రాయం. ఒక చివర చెయ్యి, ఇంకో చివర చెవి, మధ్యలో తీగ. ఆ తర్వాత మధ్యలో ఉన్నది ఎన్నిసార్లు మారినా ఈ రెండు చివరలూ మారలేదు.

మన దేశానికి తంతి త్వరగానే వచ్చింది. విలియం ఓషానెస్సీ అనే వైద్యుడి పర్యవేక్షణలో 1851 నాటికి కలకత్తా నుంచి డైమండ్ హార్బర్ దాకా లైను పడింది. 1855లో ప్రజలకూ సేవ మొదలైంది. టెలిగ్రాం వచ్చిందంటే ఇంటిల్లిపాదికీ గుండె గుభేలుమనే రోజులు నిన్నమొన్నటి దాకా నడిచాయి. 2013 జులై 14 రాత్రితో అవీ ముగిశాయి. అప్పటికే చాలాకాలం ముందు టెలిగ్రాం పనిలోంచి మోర్స్ కీ తప్పుకుంది.

అమెరికాలో పని పెరిగేకొద్దీ మీటకు మెరుగులు దిద్దారు. పాత నమూనాల్లో కడ్డీకి గుచ్చిన ఇరుసు కొన్నాళ్లకు వదులయ్యేది. 1881లో జేమ్స్ బన్నెల్ కడ్డీనీ ఇరుసునూ కలిపి ఒకే ఉక్కు ముక్కగా చేసి పేటెంటు తీసుకున్నాడు. ఈనాటి కీలలో చాలావాటికి ఆ పోలికే ఉంది. మీట గట్టిపడింది గానీ చెయ్యి గట్టిపడలేదు. రోజంతా అదే కదలికతో వేలాది సార్లు నొక్కేవాళ్లకు మణికట్టు పట్టేసేది, వేళ్లు మాట వినేవి కావు. ఈ జబ్బును బ్రిటన్ 1908లో వృత్తి వ్యాధిగా గుర్తించింది.

దానికి విరుగుడు కనిపెట్టినవాడు న్యూయార్క్ టెలిగ్రాఫర్ హొరేస్ మార్టిన్. 1904లో పేటెంటు పొందిన అతని వైబ్రోప్లెక్స్‌లో మీట పైకీ కిందికీ కాదు, పక్కలకు కదులుతుంది. బొటనవేలితో ఓవైపు నెడితే స్ప్రింగుకు వేలాడే బరువు అదిరి చుక్కలన్నీ తనే వరసగా కొడుతుంది. ఇంకోవైపు నెడితే గీత, అది మాత్రం ఒక్కొక్కటీ చేత్తో కొట్టాల్సిందే. బరువును కడ్డీ మీద ముందుకో వెనక్కో జరిపితే వేగం మారుతుంది. బ్యాటరీ అక్కర్లేకుండా వేళ్ల ఊపుతోనే నడిచే ఈ ‘బగ్’ ఇప్పటికీ అదే పేరుతో తయారవుతోంది. దాన్ని పక్క నుంచి చూస్తూ కూర్చోవడం నాకు ఎప్పటికీ విసుగు పుట్టని పని: చుక్కలు ఎలా పుడుతున్నాయో కంటికి కనిపిస్తుంది.

రేడియో వచ్చాక మధ్యలో ఉన్న తీగ పోయింది. మొదటి ట్రాన్స్‌మిటర్లు నిప్పురవ్వలతో పనిచేసేవి. కీ నొక్కితే రవ్వ ఎగిరేది. ఆ రవ్వ పుట్టించిన తరంగం ఒక ఫ్రీక్వెన్సీకి కట్టుబడకుండా చుట్టుపక్కలకంతా పాకి, శక్తి చాలావరకు వృథా అయ్యేది. వాక్యూమ్ ట్యూబు వచ్చి ఒకే ఫ్రీక్వెన్సీలో నిలకడగా సాగే తరంగాన్ని ఇచ్చింది. కంటిన్యుయస్ వేవ్ అన్నారు దాన్ని. హామ్‌లు మోర్స్‌ను ఇప్పటికీ ‘సీడబ్ల్యూ’ అని పిలవడం అందువల్లే.

నిప్పురవ్వకూ ఈ తరంగానికీ ఉన్న తేడా 1921 డిసెంబరులో తేలిపోయింది. అమెరికా హామ్‌ల సంఘం ఏఆర్‌ఆర్‌ఎల్, పాల్ గాడ్లీ అనే రిసీవర్ నిపుణుణ్ణి ఓడెక్కించి స్కాట్లండ్‌కు పంపింది. ఔత్సాహికుల చిన్న సెట్లు అట్లాంటిక్ దాటగలవా అన్నది తేల్చుకోవాలి. ఆర్డ్రోసన్ దగ్గర సముద్రపు ఒడ్డున గుడారం వేసుకుని, పొట్టి గుంజల మీద వందల అడుగుల తీగ లాగి, గాలీ వానా చలీ మధ్య రాత్రుళ్లు హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చున్నాడు గాడ్లీ. డిసెంబరు 12 తెల్లవారుజామున కనెక్టికట్‌లోని గ్రీనిచ్ నుంచి 1బీసీజీ అనే హామ్ స్టేషన్ పంపిన సందేశం మొత్తంగా చెవిన పడింది. వాడిన తరంగం సుమారు 230 మీటర్లు, శక్తి ఒక కిలోవాట్ లోపు, ట్రాన్స్‌మిటర్ వాల్వులది, అంటే వాక్యూమ్ ట్యూబులది. గాడ్లీకి వినిపించిన ఇతర స్టేషన్లలోనూ ఎక్కువ వాల్వు సెట్లవే. ఆ తర్వాత హామ్‌లు నిప్పురవ్వను త్వరగానే వదిలేశారు. కీని మాత్రం వదల్లేదు. వెనక రవ్వ ఉన్నా, వాల్వు ఉన్నా, ట్రాన్సిస్టర్ ఉన్నా మీట చేయాల్సింది ఒకటే: కలపడం, విడదీయడం.

ఇందులో ఉన్న భౌతికశాస్త్రం తేలికైనదే. మనిషి మాటను రేడియోలో పంపాలంటే సుమారు 2,500 హెర్ట్జ్ వెడల్పు కావాలి. మోర్స్‌కు 125 చాలు, అంటే 20వ వంతు. రిసీవర్ ఎంత వెడల్పు తెరిస్తే అంత రొద లోపలికొస్తుంది. వెడల్పును 20వ వంతుకు కుదిస్తే రొదా 20వ వంతే మిగులుతుంది. కాబట్టి 100 వాట్ల మాట రొద మీద ఎంత తేటగా నిలుస్తుందో, 5 వాట్ల మోర్స్ కూడా అంతే నిలుస్తుంది. పైగా రొదలోంచి ఒకే స్వరాన్ని ఏరుకోవడం మనిషి చెవికి పుట్టుకతో వచ్చిన విద్య. ట్రాన్స్‌మిటర్ కూడా నాలుగైదు ట్రాన్సిస్టర్లతో తయారవుతుంది. ఒక జాగ్రత్త మాత్రం తీసుకోవాలి. తరంగం ఉన్నట్టుండి మొదలై ఉన్నట్టుండి ఆగితే పక్క ఫ్రీక్వెన్సీల్లో టిక్కు టిక్కుమని చప్పుడు చిమ్ముతుంది. అందుకే ప్రతి చుక్కా గీతా 5 మిల్లీసెకన్ల పాటు మెల్లగా లేచి, మెల్లగా దిగేలా సర్క్యూట్‌ను సరిచేస్తారు.

రెండో ప్రపంచ యుద్ధంలో సిపాయిలకు మోర్స్ నేర్పడానికి అమెరికా సైన్యం జే-38 అనే కీని పెద్ద ఎత్తున చేయించింది. చేసిన కంపెనీల్లో బొమ్మ రైళ్ల లయనెల్ కూడా ఉంది. యుద్ధం ముగిశాక అవన్నీ మిగులు సరుకుగా చవగ్గా అమ్ముడై హామ్‌ల బల్లల మీదికి చేరాయి. అప్పటికి 100 ఏళ్లు నిండిన కీకి అది మంచి రోజుల చివరి దశ.

1999 ఫిబ్రవరి 1 నుంచి ఓడల ప్రమాద సంకేతాల వ్యవస్థ పూర్తిగా ఉపగ్రహాలకూ డిజిటల్ పద్ధతులకూ మారింది. అదే ఏడాది జులై 12న అమెరికాలో చివరి వాణిజ్య మోర్స్ సందేశం వెళ్లింది. 2003లో అంతర్జాతీయ రేడియో మహాసభ, హామ్‌లకు మోర్స్ పరీక్ష పెట్టాలో వద్దో ఆయా దేశాల ఇష్టానికి వదిలేసింది. 2007 ఫిబ్రవరి 23న అమెరికా ఆ పరీక్షను పూర్తిగా ఎత్తేసింది. ఇక కీకి నూకలు చెల్లాయనే చాలామంది అనుకున్నారు.

జరిగింది వేరు. పరీక్ష ఉన్నన్నాళ్లూ మోర్స్ అంటే చాలామందికి నిమిషానికి ఇన్ని మాటలన్న లెక్క, తప్పుతామన్న భయం. మన దేశంలోనూ రెండో గ్రేడుకు 5 మాటలు, మొదటి గ్రేడుకు 12 మాటలు అందుకోవాల్సి వచ్చేది. బలవంతం పోయాక మిగిలినవాళ్లంతా ఇష్టపడి వచ్చినవాళ్లు. 2006లో మొదలైన స్ట్రెయిట్ కీ సెంచరీ క్లబ్ చుక్కలూ గీతలూ వాటంతటవే కొట్టే ఎలక్ట్రానిక్ కీయర్లను ఒప్పుకోదు. చేత్తో కొట్టే కీ, బగ్, పక్కలకు ఆడే సైడ్‌స్వైపర్ మాత్రమే వాడాలి. ప్రతి జనవరి 1న ఏఆర్‌ఆర్‌ఎల్ పిలుపు మీద హామ్‌లు అటకల మీది పాత కీలు దించుతారు. కాలిఫోర్నియాలో కేపీహెచ్ అనే పాత ఓడల స్టేషన్‌ను స్వచ్ఛంద సేవకులు బాగుచేసి, ఏటా జులై 12న మళ్లీ ప్రసారం చేస్తున్నారు.

బలహీన సంకేతాలను పట్టడంలో మోర్సే ఇప్పటికీ ముందుందని కొందరు హామ్‌లు వాదిస్తారు. నేను ఒప్పుకోను. నోబెల్ బహుమతి పొందిన ఖగోళ శాస్త్రవేత్త జో టేలర్, స్టీవ్ ఫ్రాంకేతో కలిసి 2017లో తెచ్చిన ఎఫ్‌టీ8 పద్ధతి, చెవికి బొత్తిగా వినిపించని సంకేతాన్ని కూడా కంప్యూటర్‌తో చదివేస్తుంది. సామర్థ్యమే కొలమానమైతే కీ ఓడిపోయింది. ఎఫ్‌టీ8లో రెండు కంప్యూటర్లు 15 సెకన్లకోసారి వంతులవారీగా మాట్లాడుకుంటాయి, మనిషి పక్కనుండి చూస్తాడు. కీ దగ్గర మాత్రం మనిషి లేకపోతే పనే జరగదు. ఇది నిలవడానికి కారణం అక్కడే వెతకాలి.

కీని సర్దుకోవడం చూస్తే ఇది బోధపడుతుంది. బిళ్లల మధ్య సందు పోస్టుకార్డు మందం ఉంటే చాలు. ఎక్కువైతే చెయ్యి అలుస్తుంది, తక్కువైతే చుక్కలు ఒకదానికొకటి అతుక్కుంటాయి. స్ప్రింగు గట్టిదైతే గీతలు కురచవుతాయి. అమెరికన్లు ముంజేతిని బల్ల మీద ఆనించి పొట్టి గుండీ కొడతారు. ఐరోపాలో గుండీ ఎత్తుగా ఉంటుంది, మోచెయ్యి గాల్లో ఉంటుంది. ఎలా కూర్చున్నా ఊపు మణికట్టుదే. ఇన్ని సర్దుబాట్ల వల్ల ఏ ఇద్దరి మోర్సూ ఒకలా ఉండదు. హామ్‌లు దీన్ని ‘ఫిస్ట్’ అంటారు. యుద్ధకాలంలో బ్రిటిష్ శ్రోతలు సందేశం అర్థం కాకపోయినా, ఫిస్ట్‌ను బట్టి జర్మన్ ఆపరేటర్లను గుర్తుపట్టి, వాళ్ల దళం ఎటు కదులుతోందో ఊహించేవాళ్లు.

బగ్‌లో చుక్కలు పుట్టడం కనిపించినట్టే, యంత్రం లోపలంతా కంటికి కనిపించాలన్న కోరిక మన హైదరాబాద్‌లోనూ ఒక రేడియోను పుట్టించింది. 2003 ప్రాంతంలో అష్హర్ ఫర్హాన్ రూపొందించిన బిట్‌ఎక్స్, బజారులో దొరికే మామూలు ట్రాన్సిస్టర్లతో ఇంట్లో కట్టుకునే సెట్టు. కాయిళ్లు చుట్టడానికి ఆయన వాడినవి కుళాయిల్లో వేసే నైలాన్ వాషర్లు. విదేశాల్లోనూ ఎంతోమంది దాన్ని చూసి సొంతంగా కట్టుకున్నారు. అది మాట పంపే సెట్టు. తర్వాత వచ్చిన మైక్రోబిట్‌ఎక్స్‌లో కీ పెట్టుకునే సదుపాయమూ ఉంది.

మోర్స్ నేర్చుకోవడం కష్టమని తెలుగువాళ్లు అనుకోనక్కర్లేదు. బడిలో ‘యమాతారాజభానసలగం’ వల్లె వేసినవాళ్లకు దీని నడక పాతదే. చుక్కను లఘువు, గీతను గురువు అనుకోండి. మూడేసి గుర్తులున్న మోర్స్ అక్షరాలు సరిగ్గా ఎనిమిది, మన మూడక్షరాల గణాలూ ఎనిమిదే. న-గణం ఎస్, మ-గణం ఓ. ఎస్‌ఓఎస్ అంటే న, మ, న. ర-గణం కే, భ-గణం డీ, జ-గణం ఆర్, స-గణం యూ, త-గణం జీ, య-గణం డబ్ల్యూ. తేడా కొలతలో ఉంది: మన గురువుకు రెండు మాత్రలైతే మోర్స్ గీతకు మూడు చుక్కల కాలం. పద్యాన్ని గురులఘువులు లెక్కపెడుతూ ఎవరూ వినరు, నడక పట్టుకుంటారు. 1930ల్లో జర్మన్ మనస్తత్వవేత్త లూడ్విగ్ కోఖ్ చెప్పింది కూడా అదే: మొదటి రోజు నుంచే పూర్తి వేగంతో రెండక్షరాలు వినండి, అవి పట్టుబడ్డాక మూడోది చేర్చండి. నిమిషానికి 20 మాటల వేగంలో ఒక చుక్క నిడివి 60 మిల్లీసెకన్లు. లెక్కపెట్టే వ్యవధి ఎలాగూ ఉండదు.

వినడానికి సొంత రేడియో కూడా అక్కర్లేదు. నెదర్లాండ్స్‌లోని ట్వెంటె విశ్వవిద్యాలయం రిసీవర్‌ను ఇంటర్నెట్‌లో ఎవరైనా తిప్పుకోవచ్చు. సీడబ్ల్యూ నొక్కి 7,000 నుంచి 7,040 కిలోహెర్ట్జ్ మధ్య మెల్లగా జరపండి. అక్షరాలు పట్టుబడడానికి నెలలు పట్టవచ్చు. ఏది కంప్యూటర్ పంపుతోందో, ఏది బగ్గో, ఏది పాత స్ట్రెయిట్ కీయో మాత్రం అంతకు చాలా ముందే తెలిసిపోతుంది.